తార్నాకలో తెగని లెక్క

ముందు రోగం, తర్వాత కారణం, ఆపైన ఒంట్లో అది నడిచే తీరు, చివరికి మందు. జీవరసాయన శాస్త్రంలో ‘మెకానిజం’ అనే భావన చరిత్రను మనవాళ్లు ఈ వరసలోనే చెబుతారు. సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న తార్నాకలో జరిగింది ఈ వరసకు లొంగదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూశాడు. ఆయనకు సూక్ష్మదర్శిని చాలింది. అణువుల దగ్గర ఆ సుఖం లేదు.

తార్నాకలో తెగని లెక్క పెల్లగ్రా అనే రోగానిది. దాని తొలి కథ తెలిసిందే. తిండి లోపమని గోల్డ్‌బెర్గర్ 1915లో తేల్చాడు. 1937లో ఎల్వెహెమ్ నియాసిన్ అనే విటమిన్‌ను పట్టుకున్నాడు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒళ్లే నియాసిన్ చేసుకోగలదని 1945 నాటికి తెలిసింది. ఆ రోగులు తిన్న మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, ఉన్న నియాసిన్ ఒంటికి అందదు. లెక్క సరిపోయింది.

దక్కనులో సరిపోలేదు. ఇక్కడి రోగులు తిన్నది జొన్నరొట్టె. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ అంత తక్కువ కాదు. అయినా మెడ చుట్టూ కంటెలా నల్లబారిన చర్మం, విరేచనాలు, మతి చెదరడం. కూనూరు నుంచి 1958లో తార్నాకకు తరలివచ్చిన పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ఒక సమాధానం చెప్పారు: రెండు గింజల్లోనూ ఎక్కువగా ఉన్నది ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం, అదే ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారిని చెడగొడుతోంది. ల్యూసిన్ కలిపిన తిండితో కుక్కపిల్లలకు, వాటి పెల్లగ్రా అయిన నల్లనాలుక జబ్బు వచ్చిందని 1967లో బెలవాడి బృందం చూపింది. గట్టి సాక్ష్యమే. కానీ 1978లో మాన్సన్, కార్పెంటర్ కుక్కల్లో ఆ ప్రభావం చూడలేకపోయారు. తార్నాకవారే ఐసోల్యూసిన్ పాత్రనూ, బి6 విటమిన్ పాత్రనూ ముందుకు తెచ్చారు. ఒక్క మీట అనుకున్నది పలు మీటలైంది. దీన్ని ఓటమిగా నేను లెక్కవేయను.

మెకానిజం అంటే భాగాలు, అవి చేసే పనులు, వాటి అమరిక అని 2000లో తత్వవేత్తలు మాచమర్, డార్డెన్, క్రేవర్ రాశారు. బాగుంది. ల్యూసిన్ వాదంలో భాగాలూ ఉన్నాయి, పనులూ ఉన్నాయి. జొన్న తిన్నవాళ్లలో కొందరికే ఎందుకొస్తుందో చెప్పే అమరిక దగ్గరే అది కుంటింది.

ఈలోగా రోగమే తగ్గిపోయింది. నియాసిన్ మాత్ర ముందునుంచీ పనిచేస్తూనే ఉంది. పల్లె కంచంలో జొన్న పోయి బియ్యం వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆ మార్పును ఇంకా ముందుకు నెట్టింది. రోగులు లేకపోయేసరికి ప్రశ్న అటకెక్కింది. జవాబు దొరికి కాదు.

ఇప్పుడు జొన్నరొట్టె నగరంలో ఆరోగ్యానికి గుర్తు. కూర, పప్పు, పెరుగు పక్కన ఉన్నప్పుడు దానితో పేచీ లేదు. ఆనాటి కంచంలో అవి లేవు. జొన్నపై పాఠాలు రాసేవారికి ఒక్క మనవి: ‘ల్యూసిన్ వల్ల పెల్లగ్రా’ అన్న వాక్యం చివర చుక్క బదులు ప్రశ్నార్థకం పెట్టండి.