ఇసుక కట్ట అడ్డం నిలిచిన రాత్రి

1996 నవంబరు 6. దీపావళికి ఇంకా నాలుగు రోజులున్నాయి. కోనసీమ చీకట్లో మునిగింది. ఇళ్ల మీద పెంకులు లేచిపోతున్నాయి. కొబ్బరి చెట్ల తలలు మెలితిరిగి ఫట్‌మని విరుగుతున్నాయి. గోదావరికి ఇవతల భీమవరంలో, అటువైపు పిల్లనిచ్చిన ఇళ్లలో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఫోన్లు కలవడం లేదు.

రాత్రి తొమ్మిది దాటింది. కాకినాడకి దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తుఫాను తీరం దాటుతోంది. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది.

"తగ్గిందర్రా!" అంటూ ఇంటాయన గడియ తియ్యబోయాడు. ఇల్లాలు చెయ్యి పట్టుకు లాగింది. "ఆగండి. ఇది తగ్గడం కాదండీ!"

కాదు. తుఫాను కన్ను నెత్తి మీదికి వచ్చింది. అందాకా ఉత్తరం నుంచి కొట్టిన గాలి ఈసారి దక్షిణం నుంచి విరుచుకుపడింది. దాని వెనకే సముద్రం.

భైరవపాలెం, బలుసుతిప్ప. గోదావరి శాఖ గౌతమి పాయలు సముద్రంలో కలిసేచోట, చేపల వేట మీద బతికే ఊళ్లు. వాటికి అడ్డేమీ లేదు. రెండు మూడు మీటర్ల ఎత్తున లేచిన నీళ్లు వలల్ని, పడవల్ని, పాకల్ని, పాకల్లో నిద్రపోతున్న పసివాళ్లని ఒక్క ఊపున ఎత్తుకుని మడ అడవుల్లోకి ఈడ్చుకుపోయాయి. వేటకెళ్లినవాళ్లు వందల మంది మళ్లీ గడప తొక్కలేదు.

అక్కడికి ఉత్తరాన కాకినాడ. ఆ ఊరికి ఎదురుగా, చాచిన చెయ్యిలా, సుమారు 16 కిలోమీటర్ల సన్నటి ఇసుక కట్ట ఉంది. హోప్ ఐలాండ్. పేరుకే దీవి. గౌతమి కడలిలో దింపిన ఇసుకని అలలు ఒడ్డు వెంబడే ఉత్తరానికి నెట్టుకుంటూ పోయి, దాదాపు రెండొందల ఏళ్లలో పేర్చిన గట్టు అది. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టినప్పుడు దానికి ఇంత పొడుగు లేదు.

ఆ రాత్రి బంగాళాఖాతం అలలు ముందుగా ఢీకొన్నది ఆ కట్టనే. నురగ దాని నెత్తి మీదుగా ఎగిరింది. కట్ట నిలిచింది.

ఇప్పుడు ఆ కట్టకి మేత తగ్గుతోంది. గోదావరి మీద కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి, డెల్టా అంచు కోతకి గురవుతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎప్పుడో లెక్కగట్టారు. కట్ట చాటు దాటగానే వచ్చే ఉప్పాడలో సముద్రం ఇళ్లనీ, కాకినాడ రోడ్డునీ ఏటా కొరుకుతూనే ఉంది.