ప్రతిబల లోహక్షయ పగులు

సాగదీసే ప్రతిబలానికి నిరంతరం లోనై ఉన్న లోహంలో, దానికి సరిపడని తేమ లేదా రసాయనాల వలన ఏర్పడే సన్నని పగులును ప్రతిబల లోహక్షయ పగులు అంటారు. ఇంజనీర్లు దీనిని స్ట్రెస్ కరోజన్ క్రాకింగ్ అని వ్యవహరిస్తారు. సాధారణమైన తుప్పు లోహపు పైభాగాన్ని తినివేస్తూ కంటికి కనిపిస్తుంది. ఈ పగులు మాత్రం పైకి నునుపుగా ఉన్న లోహంలో కూడా కొమ్మలు వేస్తూ లోపలికి పోతుంది. విద్యుత్కేంద్రాలలోని జనరేటర్లకు, ఆవిరి టర్బైన్లకు ఇది చాలా ప్రమాదకరమైనది.

కారణాలు

ఈ పగులు ఏర్పడడానికి మూడు పరిస్థితులు కలవాలి: లొంగే గుణమున్న లోహం, తగినంత ప్రతిబలం, అనుకూలమైన పరిసరం. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా పగులు ఏర్పడదు. నివారణ పద్ధతులన్నిటికీ ఈ సూత్రమే ఆధారం.

రిటైనింగ్ రింగు

జనరేటరులో తిరిగే భాగాన్ని రోటర్ అంటారు. దానిలోని రాగి చుట్టల కొనలు భ్రమణ వేగానికి బయటికి విడివడకుండా రెండు చివరలా పట్టి ఉంచే ఉక్కు వలయమే రిటైనింగ్ రింగు. బండిచక్రానికి ఇనుప పట్టా తొడిగినట్లే దీనిని వేడిచేసి తొడుగుతారు. చల్లారగానే బిగుసుకుంటుంది. అందువలన యంత్రం ఆగి ఉన్నపుడు కూడా రింగులో ప్రతిబలం ఉంటుంది.

భారతదేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కనుక, రెండు ధ్రువాల జనరేటరు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఒక మీటరు వ్యాసం గల రింగు అంచు వేగం అపుడు సెకనుకు 157 మీటర్లు. ఆ అంచు వద్ద ఉన్న పదార్థంపై పనిచేసే బలం దాని బరువుకు సుమారు 5000 రెట్లు. ఇంత వేగంలో రింగు పగిలితే ముక్కలు జనరేటరును ధ్వంసం చేయడమే కాక, చుట్టుపక్కల ఉన్నవారి ప్రాణాలకూ ముప్పు తెస్తాయి.

పాత జనరేటర్లలో ఈ రింగులను 18 శాతం మాంగనీసు, 5 శాతం క్రోమియం గల అయస్కాంత గుణం లేని ఉక్కుతో చేసేవారు. బలమైనదే అయినా ఈ ఉక్కు తేమకు, ముఖ్యంగా క్లోరైడ్లున్న తేమకు, లొంగిపోతుంది. జనరేటరును చల్లబరచే హైడ్రోజన్ వాయువు పొడిగా ఉంటే ముప్పు లేదు. కూలర్ల నుండి నీరు కారినా, ఆగి ఉన్న యంత్రంలో చెమ్మ చేరినా ప్రమాదం మొదలవుతుంది.

టర్బైన్లలో

1969లో ఇంగ్లండులోని హింక్లీ పాయింట్ ఎ అణు విద్యుత్కేంద్రంలో అల్పపీడన టర్బైను డిస్కు ఒకటి బద్దలైంది. డిస్కును షాఫ్టుకు బిగించే గాడి వద్ద ఏర్పడిన చిన్న పగులే ఇందుకు మూలం.

ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ వద్దనున్న సింహాద్రి కేంద్రం శీతలీకరణకు సముద్రపు నీటిని వాడుతుంది. ఇటువంటి కేంద్రాలలో కండెన్సరు గొట్టానికి చిల్లు పడితే బాయిలరు నీటిలోకి, దాని ద్వారా ఆవిరిలోకి క్లోరైడ్లు చేరగలవు. అందుకే నీటి శుద్ధతను ఎడతెగక పరీక్షించవలసి ఉంటుంది.

నివారణ

* పాత రింగుల స్థానంలో 18 శాతం మాంగనీసు, 18 శాతం క్రోమియం గల ఉక్కు రింగులను అమర్చడం. ఇవి నీటి తేమను చాలా బాగా తట్టుకుంటాయి.
* యంత్రం ఆగి ఉన్నపుడు, రోటరును నిలువ ఉంచినపుడు పొడిగాలి ప్రసరింపజేయడం.
* అతిధ్వని తరంగాలతోను, పగుళ్ళలోకి ఇంకే రంగుద్రవంతోను పరీక్షించడం. పగులు తరచు రింగు లోపలివైపు మొదలవుతుంది కనుక పైపై చూపు చాలదు.

ఇవి కూడా చూడండి

* లోహక్షయం
* ఆవిరి టర్బైను
* విద్యుత్ జనరేటరు