బఫెలో చలిలో పండుగ పరుగు

అమెరికాలో పండుగ అంటే క్రిస్మస్ ఒక్కటే అని మన వైపు చాలామంది అనుకుంటారు. ఇక్కడ పండుగల కాలం నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్‌తోనే మొదలవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం ఇంటింటా టర్కీ కోడి భోజనం. పొద్దున మాత్రం నేనుండే బఫెలోలో, న్యూయార్క్ రాష్ట్రపు పడమటి కొసన, ఎరీ సరస్సు ఒడ్డున, వేలమంది డెలవేర్ అవెన్యూ మీదికి వచ్చి ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తుతారు. ఆ పరుగు పేరు టర్కీ ట్రాట్. 1896లో ఇక్కడి వైఎంసీఏ వాళ్ళు మొదలుపెట్టారు. మొదటి ఏడు బరిలో దిగింది ఆరుగురు, చివరిదాకా వెళ్ళింది నలుగురే. లోకమంతా పేరున్న బోస్టన్ మారథాన్ దీనికంటే కొన్ని నెలలు చిన్నది, 1897 ఏప్రిల్‌లో పుట్టింది.

ఈ దేశపు పండుగల చరిత్ర చదివిన కొద్దీ నాకు ఒక విషయం బాగా పట్టుకుంది. ఇప్పుడు మనం చూసే ఆ కొనుగోళ్ళ హడావిడి అనాదిగా వచ్చింది కాదు, మనుషులు కూర్చుని నిర్ణయించి తెచ్చిపెట్టుకున్నది. మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ జరుపుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా అని చట్టమే చేశారు. 1681 దాకా అది ఎత్తేయలేదు. క్రిస్మస్‌ను కేంద్ర ప్రభుత్వం సెలవుగా గుర్తించింది 1870లో. థాంక్స్‌గివింగ్ కథ 1621లో ప్లిమత్ వలసదారులూ వాంపనోగ్ తెగవాళ్ళూ కలిసి చేసిన విందుతో మొదలైందంటారు. కానీ దాన్ని దేశమంతటి పండుగ చేయాలని ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసి పోరింది సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు. అంతర్యుద్ధం నడుస్తుండగానే, 1863 అక్టోబరులో లింకన్ ఆమె మాట మన్నించి ప్రకటన చేశాడు.

ఆ తర్వాత వర్తకులు వచ్చారు. 1939లో నవంబరు నెలకు అయిదు గురువారాలు పడ్డాయి. పండుగ ఆఖరి గురువారానికి వెళ్తే క్రిస్మస్ బేరాలకు రోజులు చాలవని దుకాణాల వాళ్ళు మొర పెట్టుకున్నారు. రూజ్వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు, దేశంలో రెండు థాంక్స్‌గివింగ్‌లు జరిగాయి. 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారానికి ఖాయం చేసింది. అంటే ఈ పండుగ తేదీని అంగళ్ళ లెక్క చూసి కదిలించక ముందే, నలభై ఏళ్ళకు పైగా, బఫెలోలో ఆ పొద్దుటి పరుగు సాగుతోంది. పండుగ పూట ఎవరికీ ఏమీ బాకీ పడకుండా ఒంటికి దొరికే సంతోషం అది. అందుకే నాకు దాని మీద అంత మక్కువ.

ఇక్కడి తెలుగిళ్ళలో నవంబరు, డిసెంబరు నెలలు ఎలా గడుస్తాయో ఊళ్ళో వాళ్ళకు చెప్పాలి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి సాయంత్రం అయిదింటికే చీకటి. ఆఫీసులో ఏడాది లెక్కలు ముగించే ఒత్తిడి. పిల్లలకు బడిలో అందరిలాగే క్రిస్మస్ చెట్టు కావాలి, కానుకలు కావాలి. ఇండియాకు బయలుదేరాలంటే టిక్కెట్టు ధర అందదు, అందినా వీసా ముద్రకు తేదీ దొరకదు. వెళ్ళలేని వాళ్ళకు వారానికో ఇంట్లో విందు, వండిపెట్టడం, మొహమాటం. తీరా మన సంక్రాంతి వచ్చేసరికి వాళ్ళ సెలవులన్నీ అయిపోయి ఉంటాయి. భోగి పొద్దున కూడా మంచు పారతో తవ్వి, కారు బయటికి తీసి పనికి పోవాలి. ఇంటి మీద బెంగ ఎక్కువగా తగిలేది ఈ రెండు నెలల్లోనే. నాకు తెలిసిన కుర్రాళ్ళు కొందరు తలుపులేసుకుని ఫోను ముందు కూర్చుండిపోతారు. వాళ్ళను చూస్తే నాకు దిగులేస్తుంది.

నన్ను నిలబెట్టింది పరుగు. చలిలో పరుగు అనగానే అమ్మ ఫోనులో, "ఆ మంచులో పరుగేందిరా నాయనా, ఇంట్లో కాసేపు వెచ్చగా కూర్చోకూడదా" అంటుంది. నిజానికి పరుగుకు చలి మేలు చేస్తుంది. కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో ముప్పాతిక భాగం దాకా వేడిగానే బయటికి పోతుంది. మా పల్నాడు ఎండలో ఆ వేడి సులువుగా బయటికి పోదు. ఇక్కడ గాలే దాన్ని లాగేసుకుంటుంది.

బూట్ల లేసులు ఇంట్లోనే రెండు ముళ్ళు వేసుకోవాలి, బయట చేతి తొడుగు తీస్తే వేళ్ళు కొయ్యబారతాయి. గుమ్మం దిగగానే ముక్కులోపలి తడి గడ్డకట్టి గుచ్చుకుంటుంది. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన రాతి ఉప్పు బూటు కింద కరకరమంటుంది. తారు మీద నీళ్ళు పలచగా గడ్డకట్టిన చోట అది తారు రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. అడుగు చిన్నది చేసి పాదం మొత్తం ఆన్చి వెళ్ళాలి. పత్తి పండించిన ఇంట్లో పుట్టినవాణ్ణయినా చెప్పక తప్పదు, ఈ చలికి నూలు బనీను పనికిరాదు. చెమట పీల్చుకుని ఒంటికి అతుక్కుని వణికిస్తుంది. ఉన్నిదైనా, పాలియెస్టరుదైనా వేసుకోవాలి. మొదటి పది నిమిషాలు ఎందుకు వచ్చానా అనిపిస్తుంది. తర్వాత వెన్ను వెచ్చబడుతుంది, చేతివేళ్ళలోకి నెత్తురు వస్తుంది, కనుబొమల మీద ఊపిరి తెల్లని నూగులా పేరుకుంటుంది. తలలో తిరుగుతున్న ఆఫీసు, వీసా, టిక్కెట్టు అన్నీ ఒక్కొక్కటిగా జారిపోతాయి. అప్పుడు కలిగే సంతోషం చిన్నప్పుడు చేలగట్ల వెంట ఊరికే పరిగెత్తినప్పటిది.

ఈ ఊరి మంచును తేలిగ్గా తీసుకోవడం మాత్రం కుదరదు. చల్లగాలి సరస్సు మీదుగా వస్తూ ఆ నీటి వెచ్చదనాన్నీ తేమనూ మోసుకొచ్చి ఒడ్డున మంచుగా కుమ్మరిస్తుంది. ఒక పేటలో మనిషి లోతు పడితే పక్క పేటలో చీలమండ తడవదు. 2022 డిసెంబరులో క్రిస్మస్ ముందు వచ్చిన మంచు తుపానులో ఈ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక వచ్చిన రోజు పరుగు లేదు, బయటికి పోవడమే లేదు.

ఈ నేల మీద పరిగెత్తేటప్పుడు నాకు గుర్తొచ్చే మనిషి ఒకడున్నాడు. బఫెలో దక్షిణ భాగమంతా ఒకప్పుడు సెనెకా తెగవాళ్ళ బఫెలో క్రీక్ భూమి. లంచాలతో, మోసంతో కుదిర్చారని చరిత్రకారులు చెప్పే 1838 ఒప్పందం ఆ భూమికి ఎసరు పెట్టింది. ఇక్కడికి దక్షిణాన వాళ్ళకు మిగిలిన కట్టరాగస్ నుంచి వచ్చినవాడు లూయీ బెనెట్, లోకం డీర్‌ఫుట్ అని పిలిచిన పరుగువీరుడు. 1861లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి మేటి పరుగుగాళ్ళను ఓడించాడు. 1863లో గంట వ్యవధిలో 18 కిలోమీటర్లకు పైగా పరిగెత్తి పెట్టిన రికార్డు ముప్పై ఏళ్ళకు పైగా నిలిచింది. జనం వింతగా చూడాలని నిర్వాహకులు అతనికి తోడేలు చర్మం కప్పి తిప్పారు. ఆ అవమానం తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది, అతని కాళ్ళు చూపించిన సత్తా ముందు ఆ తోడేలు చర్మం ఏపాటిది! అతను చనిపోయింది 1896లో, టర్కీ ట్రాట్ పుట్టిన ఏడాదే. ప్లిమత్‌లో ఆదివాసులు 1970 నుంచి థాంక్స్‌గివింగ్ నాడు సంతాప దినం పాటిస్తున్నారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, కార్తీక అమావాస్య నుంచి, మన కారంపూడిలో పల్నాటి వీరులకు ఆరాధన జరుగుతుంది. పోయినవాళ్ళను ఏటా తలుచుకోవడం ఎంత పెద్ద పనో పల్నాడు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే ఆదివాసుల బాధ మనకు తేలిగ్గా అర్థమవుతుంది.

మా నాదెండ్ల పేరు చెబితే కొండవీటిని ఏలిన తిమ్మరుసు మేనల్లుళ్ళు నాదెండ్ల అప్ప, గోపమంత్రి గుర్తొస్తారు. నాకు మాత్రం తెల్లవారుజామున చిలకలూరిపేట రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్ళు కూడా గుర్తొస్తారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి, దానికోసం వాళ్ళ తపన. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ పరుగు అక్కడితో ఆగిపోతుంది, అది నాకు బాధ. ధనుర్మాసపు వేకువ చలి ఈ బఫెలో వాళ్ళకు మే నెలతో సమానం, పరుగుకు అంతకంటే మంచి కాలం లేదు.

ఆ రోడ్డు మీద ఆడపిల్లలూ కనిపించాలని నా కోరిక. బోస్టన్ మారథాన్‌లో 1972 దాకా ఆడవాళ్ళకు అధికారికంగా చోటు లేదు. ఇవాళ డెలవేర్ అవెన్యూ మీద తల్లీకూతుళ్ళు పక్కపక్కనే పరిగెత్తుతున్నారు. మా మేనకోడలు ఈ సంగతి విని, నెల పట్టగానే తనూ మొదలుపెడతానంది. వాళ్ళ నాన్న తోడు వెళ్తానన్నాడు. ఇద్దరి పాదాల కొలతలూ పంపమన్నాను, బూట్లు కొని ఈ నెలలో ఊరికి బయలుదేరుతున్న స్నేహితుడి పెట్టెలో వేయిస్తాను.