మంచినీటి చేపలు – కంటికి కనిపించని బ్యాక్టీరియా

వేసవిలో చెరువు అడుగంటే వేళ ఊరంతా చేపల కూరలు ఘుమఘుమలాడతాయి. అప్పుడే పట్టిన చేప తాజాదే కావచ్చును. అయితే అది పెరిగిన నీరు శుభ్రమైనదని చెప్పలేము. పశువులను కడిగిన నీరు, ఇళ్ల మురుగు చాలా చోట్ల ఆ చెరువులోనే కలుస్తాయి. తెలుగువారి శీలావతిని ఒడియాలో రోహి అనీ, బొచ్చెను భాకుర అనీ, కొర్రమీనును తమిళంలో విరాల్ అనీ అంటారు. పేరు ఏదైనా వంటింటిలో పాటించవలసిన జాగ్రత్తలు మాత్రం ఒక్కటే.

బ్యాక్టీరియా ఉండే చోటు

ఆరోగ్యవంతమైన చేప కండలో సాధారణంగా బ్యాక్టీరియా ఉండదు. చర్మంపై జిగురులోను, మొప్పల్లోను, పేగుల్లోను ఉంటుంది. చేప చనిపోయాక అక్కడి నుంచి క్రమంగా కండలోకి పాకుతుంది. ఏరోమోనాస్ అనే రకం మంచినీటిలో సహజంగానే జీవిస్తుంది. విరేచనాలకు, గాయాలు చీము పట్టడానికి ఇది కారణం కాగలదు. సాల్మొనెల్లా, ఇ.కోలి వంటివి మలంతో కలుషితమైన నీటి ద్వారా చేరుతాయి. చేప కుళ్లితే వాసన వస్తుంది గాని, రోగకారక బ్యాక్టీరియా చేరినంత మాత్రాన వాసన రాదు. మంచు దాని పెరుగుదలను తగ్గిస్తుందే తప్ప పూర్తిగా చంపదు. ఉప్పు, పసుపు, బూడిద రాచి కడిగితే జిగురు, నీచు వాసన పోతాయి గాని, బ్యాక్టీరియా పూర్తిగా నశించదు. దానిని నమ్మకంగా చంపేది వేడి ఒక్కటే.

సింగపూర్ నేర్పిన పాఠం

2015లో సింగపూర్‌లో పచ్చి చేప ముక్కలు తిన్నవారిలో వందమందికి పైగా ఒక రకం స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల తీవ్ర అస్వస్థతకు గురయ్యారు. రక్తంలోను, కీళ్లలోను, మెదడు పొరల్లోను ఇన్ఫెక్షన్ వ్యాపించింది. అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నవారు కూడా వారిలో ఉన్నారు. ఆ వంటకంలో వాడినవి కొర్రమీను కుటుంబానికి చెందిన ఒక చేప, బిగ్‌హెడ్ గండుచేప. అదే ఏడాది డిసెంబరులో మంచినీటి చేపలను పచ్చిగా వడ్డించడాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించింది.

కత్తిపీట, చేతులు

తెలుగు ఇళ్లలో పచ్చి చేప తినే అలవాటు లేదు. అయినా పచ్చి చేపను తాకిన కత్తిపీట మీదనే ఉల్లిపాయ, కొత్తిమీర తరిగితే బ్యాక్టీరియా వాటికి అంటుకుంటుంది. అవి ఉడకకుండానే విస్తరిలోకి వస్తే పులుసు ఎంత మరిగినా ప్రయోజనం లేదు. కనుక కూరగాయలను ముందుగా తరుగుకొని, చేపను చివర కోయడం మేలు. తరువాత కత్తిపీటను, పళ్లేలను, చేతులను సబ్బుతో కడగాలి. చేతికి గాయం ఉన్నవారు చేపను శుభ్రం చేయకూడదు. 1995–96లో కెనడాలోని టొరంటోలో తిలాపియా చేపలను శుభ్రం చేసినవారికి చేతి గాయాల ద్వారానే ఇన్ఫెక్షన్ సోకింది.

మరునాటి పులుసు

చేపల పులుసు మరునాడే రుచి అంటారు. చింతపండు పులుపు బ్యాక్టీరియా పెరుగుదలను కొంత అడ్డుకుంటుంది గాని, దాని మీదనే ఆధారపడరాదు. చేతుల నుంచి చేరే స్టెఫిలోకాకస్ గదిలోని వెచ్చదనంలో పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. తిరిగి మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గాని, ఆ విషం నశించదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. పులుసును రెండు గంటలలోపు, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటలోపు, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇంట ఆ పూటకు సరిపడా వండుకోవడమే క్షేమం.

గుర్తుంచుకోవలసినవి

కొనేటప్పుడు కళ్లు తేటగా, మొప్పలు ఎర్రగా ఉండాలి; వేలితో నొక్కిన కండ వెంటనే పైకి లేవాలి. ముక్క లోపలి భాగం కూడా 70 డిగ్రీల వేడికి చేరాలి. వెన్నుముల్లు దగ్గర కండ తెల్లబడి, సులువుగా విడివడితే ఉడికినట్లు గుర్తు. పచ్చి చేపను మూత పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో ఉంచి, ఒకటి రెండు రోజుల్లో వండాలి.

చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ద్రావణం తాగించాలి. జ్వరం, రక్త విరేచనాలు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.