ఎవరికీ చెప్పలేదట!

మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. అమెరికన్ బాప్టిస్టు మిషన్ హన్మకొండలో 1879లో మొదలైంది. దొరసానులు వెళ్లలేని వాడల్లోకి వెళ్లి, బావుల దగ్గర, నాట్లేసే మళ్ల గట్లమీద కథ చెప్పింది ఇలాంటి మన ఆడవాళ్లే. మిషన్ కాగితాల్లో దొరల పేర్లుంటాయి. వీళ్లలో చాలామంది వట్టి ‘బైబిలు స్త్రీ’గానే మిగిలిపోయారు.

అమ్మమ్మ చెప్పే పునరుత్థానం కథలో సమాధి దగ్గర ఆడవాళ్లు గుంపుగా ఉంటారు. ఒకామె ఏడుస్తుంది. ఇంకొకామె భయపడి పరుగు తీస్తుంది. మరొకామె యేసునే చూసి తోటమాలి అనుకుంటుంది. ఎమ్మే చదివే రోజుల్లో, నాలుగు సువార్తలనూ పక్కపక్కన అచ్చువేసిన పుస్తకమొకటి నా చేతికొచ్చింది. అప్పుడు అర్థమైంది, అమ్మమ్మ కథ నాలుగు గుడ్డలు కలిపి కుట్టిన బొంత అని.

మార్కులో సమాధికి వెళ్లింది ముగ్గురు: మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే. మత్తయిలో ఇద్దరే. లూకాలో యోహన్న, ఇంకా కొందరు చేరతారు. యోహానులో మగ్దలేనే మరియ పేరు ఒక్కటే ఉంది. మత్తయిలో వాళ్లు భయంతో, ఆనందంతో శిష్యుల దగ్గరికి పరుగెత్తుతారు. లూకాలో వెళ్లి చెబుతారు గానీ, మగవాళ్లకవి వెర్రిమాటలుగా తోస్తాయి. మార్కులో మాత్రం భయపడి ఎవరికీ ఏమీ చెప్పరు. నాలుగో శతాబ్దం నాటి సైనాయ్, వాటికన్ గ్రీకు ప్రతుల్లో మార్కు సువార్త సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. తర్వాతి 12 వచనాలు వేరెవరో చేర్చినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

అందరికన్నా ముందు, దాదాపు క్రీ.శ. 70 ప్రాంతంలో, రాసింది మార్కేననీ, మత్తయి, లూకా దాన్ని ముందు పెట్టుకుని రాశారనీ వాళ్లంటారు. మార్కులోని 661 వచనాల్లో సుమారు 600 ఏదో ఒక రూపంలో మత్తయిలో ఉన్నాయి. నిజానికి రాసినవాళ్లు తమ పేర్లు చెప్పుకోలేదు. ఈ పేర్లు రెండో శతాబ్దంలో స్థిరపడ్డాయి.

మార్కులోనే, బేతనియలో ఒక స్త్రీ యేసు తలమీద అత్తరు పోస్తుంది. సువార్త ఎక్కడ ప్రకటించినా ఈమెను గుర్తు చేసుకుంటారని ఆయన అంటాడు. కానీ ఆమె పేరే లేదు! ఎలిజబెత్ ష్యూస్లర్ ఫియోరెంజా 1983లో తన పుస్తకానికి ఆ మాటనే శీర్షికగా పెట్టుకుంది. లూకాలో అత్తరు పోసింది పాపాత్మురాలు. యోహానులో లాజరు చెల్లెలు మరియ. 591లో పోపు గ్రెగరీ లూకాలోని పాపాత్మురాలూ, ఈ మరియా, మగ్దలేనే మరియా ఒక్కరేనని బోధించాడు. తొలిసాక్షి కాస్తా శతాబ్దాలపాటు వేశ్యగా నిలబడింది. కాథలిక్కు చర్చి తన పంచాంగంలో ఈ ముడి విప్పింది 1969లో.

అమ్మమ్మ కూడా కలిపింది, పోపూ కలిపాడు. అమ్మమ్మ కలిపితే ఒక్క ఆడమనిషీ తప్పిపోలేదు. పోపు కలిపితే ముగ్గురు ఒక్కరయ్యారు.

‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు చెప్పుకున్న అనుభవాలవి. ఒకామె జ్ఞాపకం ఇంకొకామె జ్ఞాపకంతో అచ్చంగా కలవకపోతే మనం అబద్ధమన్నామా? మరి సువార్తల దగ్గరికొచ్చేసరికి ఎందుకంత భయం?

ఆ భయమేమిటో నేను చూశాను. ఒకసారి స్త్రీల కూటంలో ఈ నాలుగు కథలూ వరసగా చదివాను. సంఘపెద్ద ఒకాయన మధ్యలోనే లేచి, విశ్వాసం చెడగొట్టొద్దన్నాడు. మళ్లీ నన్ను మాట్లాడమని పిలవలేదు. ఇంటికొచ్చి, అమ్మమ్మ నొచ్చుకుంటుందేమోనని బెరుగ్గానే, మార్కు కథ ఎక్కడ ఆగిందో చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది:

“ఎవలికీ చెప్పకపోతే రాసినాయనకు ఎట్ల తెల్సింది బిడ్డా?”

అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను హన్మకొండ చుట్టుపక్కల ముసలమ్మలను అడిగి బైబిలు స్త్రీల పేర్లు రాసుకుంటున్నాను. మొన్న ఒకే మనిషి గురించి ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. మూడూ రాసుకున్నాను, వేరు వేరు పేజీల్లో.