క్రాష్‌గేట్: కావాలనే గోడను గుద్దిన కారు.. 17 ఏళ్లు దాటినా ఎఫ్1 ఫ్యాన్స్ ఎందుకు మర్చిపోలేకపోతున్నారు?

కార్ల రేసుల్లో ప్రమాదాలు మామూలే. కానీ టీమ్ ప్లాన్ ప్రకారం డ్రైవర్ కావాలనే కారును గోడకేసి గుద్దితే? అదీ పక్క కారులో ఉన్న సొంత టీమ్ డ్రైవర్‌ను గెలిపించడానికి? ఫార్ములా వన్ చరిత్రలో 2008లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ వ్యవహారానికే క్రాష్‌గేట్ అని పేరు. శిక్షలు పడ్డాయి, కొన్ని రద్దయ్యాయి, కొందరు తిరిగి వచ్చేశారు. ఫ్యాన్స్ మాత్రం ఈ గొడవను ఇప్పటికీ వదల్లేదు. లండన్ కోర్టు దాకా వెళ్లిన ఈ కేసు పూర్తి వివరాలు చూద్దాం.

అసలేం జరిగింది?

2008 సెప్టెంబర్ 28. సింగపూర్‌లోని మెరీనా బే వీధుల్లో గ్రాండ్ ప్రి. ఎఫ్1 చరిత్రలోనే ఇది తొలి నైట్ రేస్. ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మాసా మొదటి స్థానం నుంచి స్టార్ట్ చేసి లీడ్‌లో ఉన్నాడు. రెనో టీమ్ స్టార్ ఫెర్నాండో అలోన్సో మాత్రం 15వ స్థానం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. వీధుల్లో జరిగే రేసులో ఓవర్‌టేక్ చేయడం చాలా కష్టం. అంత వెనక నుంచి గెలవడం దాదాపు అసాధ్యం.

అలోన్సో 12వ ల్యాప్‌లోనే పెట్రోల్ కోసం పిట్‌లోకి వచ్చాడు. అంత తొందరగా ఎందుకొచ్చాడో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. కాసేపటికే అదే టీమ్‌కు చెందిన నెల్సన్ పికే జూనియర్ కారు 17వ మలుపు దగ్గర గోడను ఢీకొట్టింది. సేఫ్టీ కార్ ట్రాక్ మీదకు వచ్చింది. చివరికి రేసు గెలిచింది అలోన్సోనే.

గోడను గుద్దితే లాభం ఏంటి?

అప్పటి రూల్స్ తెలిస్తేనే ఈ ట్రిక్ అర్థమవుతుంది. 2008లో సేఫ్టీ కార్ రాగానే పిట్ లేన్ మూసేసేవారు. కార్లన్నీ వరుసగా దాని వెనక చేరాకే మళ్లీ తెరిచేవారు. అప్పటికే పిట్‌కు వెళ్లొచ్చిన డ్రైవర్‌కు ఇది జాక్‌పాట్. ముందున్న వాళ్లందరూ ఆ తర్వాత ఆగాల్సిందే, ఆగితే వెనకబడాల్సిందే. పెట్రోల్ అయిపోవచ్చి, మూసి ఉన్న పిట్‌లోకే వచ్చిన రాబర్ట్ కుబికా, నికో రోస్‌బెర్గ్‌లకు పెనాల్టీలు కూడా పడ్డాయి.

పికే జూనియర్ కథనం ప్రకారం 17వ మలుపును ఎంచుకోవడానికీ కారణం ఉంది. అక్కడ కారును చటుక్కున పక్కకు లాగేసే క్రేన్ లేదు. అంటే సేఫ్టీ కార్ రాక తప్పదు.

బయటపడింది ఎలా?

2009 ఆగస్టులో పికే జూనియర్‌ను రెనో టీమ్ నుంచి తీసేశారు. అప్పటికే అతను అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఐఏకు వాంగ్మూలం ఇచ్చాడు. టీమ్ బాస్ ఫ్లావియో బ్రియాటోరె, ఇంజినీరింగ్ హెడ్ పాట్ సైమండ్స్ చెబితేనే కారును గుద్దానని అందులో చెప్పాడు. ఆగస్టు 30న బెల్జియం రేసు సమయంలో బ్రెజిల్ టీవీ గ్లోబో ఈ విషయాన్ని బయటపెట్టింది. దాంతో ఒక్కసారిగా దుమారం రేగింది. బ్రియాటోరె మాత్రం తనకేం సంబంధం లేదనే చెబుతూ వచ్చాడు.

సెప్టెంబర్ 16న రెనో చేతులెత్తేసింది. ఆరోపణలపై పోరాడబోమని, బ్రియాటోరె, సైమండ్స్ టీమ్‌ను వీడారని ప్రకటించింది. సెప్టెంబర్ 21న ఎఫ్‌ఐఏ తీర్పు వచ్చింది. బ్రియాటోరెపై నిరవధిక నిషేధం, సైమండ్స్‌పై 5 ఏళ్ల నిషేధం పడ్డాయి. రెనోపై వేటు వేసినా దాన్ని సస్పెండ్ చేశారు. అంటే 2011 చివరి వరకు ఇంకో తప్పు చేయకపోతే శిక్ష లేనట్టే. నిజం చెప్పినందుకు పికే జూనియర్‌కు మినహాయింపు దక్కింది. అలోన్సోకు ఈ ప్లాన్ గురించి తెలుసనడానికి ఆధారాల్లేవని తేల్చారు.

ఫ్యాన్స్‌కు ఎక్కడ కాలింది?

మొదటి కోపం శిక్ష మీదే. అంతకు రెండేళ్ల ముందే, 2007లో, ఫెరారీ టెక్నికల్ సమాచారం కాజేసిన కేసులో మెక్‌లారెన్‌కు 10 కోట్ల డాలర్ల ఫైన్ వేశారు. కాగితాలు కొట్టేస్తే అంత ఫైన్, డ్రైవర్‌ను గోడకు గుద్దిస్తే ఇంతేనా? ఇది చాలామంది అడిగిన ప్రశ్న. పికే జూనియర్ ప్రాణాలతో పాటు ట్రాక్ పక్కన నిలబడే మార్షల్స్, గ్యాలరీలో ఉన్న ప్రేక్షకుల ప్రాణాలు కూడా రిస్క్‌లో పడ్డాయి. ఈ తీవ్రతకు, పడిన శిక్షకు పొంతన లేదన్నదే వాళ్ల బాధ. స్పాన్సర్లు ఐఎన్‌జీ, ముటువా మాడ్రిలెన్యా మాత్రం మూడు రోజులకే రెనోకు గుడ్‌బై చెప్పేశాయి.

రెండో కోపం ఇంకా పెద్దది. అంత తేలాక కూడా సింగపూర్ రేసు ఫలితం మారలేదు. విజేతగా అలోన్సో పేరే రికార్డుల్లో ఉండిపోయింది.

మాసా ఫ్యాన్స్ లెక్క ఇదీ

2008 టైటిల్ లూయిస్ హామిల్టన్‌కు దక్కింది. అతనికి 98 పాయింట్లు, మాసాకు 97. తేడా కేవలం 1 పాయింట్. సింగపూర్‌లో హామిల్టన్ మూడో స్థానంతో 6 పాయింట్లు సాధించాడు. మాసా 13వ స్థానంలో నిలిచి ఖాళీ చేతులతో మిగిలాడు. ఆ రేసును రద్దు చేస్తే హామిల్టన్ 92కు పడిపోతాడు, మాసా 97 దగ్గరే ఉంటాడు. అంటే ఛాంపియన్ మాసానే.

బ్రెజిల్ అభిమానులకు ఇది వట్టి లెక్క కాదు. నవంబర్ 2న సొంతగడ్డపై సావో పాలోలో జరిగిన చివరి రేసును మాసానే గెలిచాడు. ఫెరారీ గ్యారేజీలో అతని కుటుంబం సంబరాలు కూడా మొదలుపెట్టింది. కానీ 40 సెకన్లు గడవకముందే సీన్ రివర్స్ అయింది. ఆఖరి ల్యాప్ ఆఖరి మలుపుల్లో టిమో గ్లాక్‌ను దాటి హామిల్టన్ 5వ స్థానం అందుకున్నాడు, టైటిల్ ఎగరేసుకుపోయాడు. ఆ గాయం మీద క్రాష్‌గేట్ కారం చల్లినట్టయింది.

హామిల్టన్ ఫ్యాన్స్ మాటేంటి?

అవతలి వైపు వాదన కూడా బలంగానే ఉంది. సేఫ్టీ కార్ వచ్చినప్పుడు మాసా పిట్‌లో ఆగాడు. పెట్రోల్ పైపు ఊడకముందే ఫెరారీ సిబ్బంది గ్రీన్ లైట్ ఇచ్చేశారు. కారు పైపును ఈడ్చుకుంటూ వెళ్లింది. పైగా పెనాల్టీ కూడా పడింది. మాసా రేసు చెడింది రెనో వల్ల కాదు, ఫెరారీ తప్పిదం వల్ల అంటారు వీళ్లు.

సీజన్ అంటే ఒక్క రేసు కాదు, 18 రేసులు అని కూడా గుర్తుచేస్తారు. బెల్జియంలో ముందుగా గీత దాటింది హామిల్టన్. తర్వాత 25 సెకన్ల పెనాల్టీ వేసి ఆ విజయాన్ని మాసాకు ఇచ్చారు. హంగరీలో అయితే గెలుపు ముంగిట మాసా ఇంజిన్ పేలిపోయింది. ఏ రేసును తీసి ఏది ఉంచాలి అన్నది వీళ్ల ప్రశ్న. హామిల్టన్ ఏ తప్పూ చేయలేదు కదా, అతని టైటిల్ మీద మచ్చ ఎందుకు అని నిలదీస్తారు.

దీనికి మాసా వర్గం జవాబు ఒక్కటే. గుద్దుడు లేకపోతే సేఫ్టీ కార్ లేదు, అది లేకపోతే ఆ హడావుడి పిట్ స్టాప్ కూడా లేదు అని.

మధ్యలో అలోన్సో ఫ్యాన్స్

అలోన్సో అభిమానులది మరో ఇరకాటం. తమ హీరోకు క్లీన్ చిట్ వచ్చినా, ఆ గెలుపును గర్వంగా చెప్పుకోలేని పరిస్థితి. 2009లో మళ్లీ సింగపూర్‌లోనే మూడో స్థానం సాధించిన అలోన్సో, ఆ పోడియంను బ్రియాటోరెకు అంకితం ఇచ్చాడు. నిషేధం పడి వారం కూడా కాలేదు. దీంతో విమర్శలు వెల్లువెత్తాయి. అదే వీకెండ్‌లో ప్రాక్టీస్‌లో రెనో కొత్త డ్రైవర్ రొమైన్ గ్రోజాన్ కూడా అదే 17వ మలుపు దగ్గర క్రాష్ అవడం విశేషం. ఈసారి మాత్రం అది నిజంగానే ప్రమాదం. అయినా జోకులు ఆగలేదు!

మళ్లీ రగిలింది ఇలా

2023లో ఎఫ్1 మాజీ బాస్ బెర్నీ ఎకిల్‌స్టోన్ ఇంటర్వ్యూ ఒకటి బయటికొచ్చింది. విషయం తనకు, అప్పటి ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీకి 2008లోనే తెలుసని, పరువు పోతుందని బయటపెట్టలేదని అందులో ఉంది. ఆ తర్వాత ఆ మాటలు తనకు గుర్తులేవని ఎకిల్‌స్టోన్ అన్నాడు. కానీ అప్పటికే నిప్పు అంటుకుంది. ఎందుకంటే ఏడాది చివర్లో అవార్డుల వేడుక జరిగాక ఫలితాలు మార్చడానికి వీల్లేదన్నది రూల్. 2009లో నిజం బయటపడేసరికి ఆ గడువు దాటిపోయింది. 2008లోనే తెలిసి ఉంటే మాత్రం మార్చే ఛాన్స్ ఉండేది.

మాసా 2024 మార్చిలో లండన్ హైకోర్టుకు వెళ్లాడు. ఎఫ్‌ఐఏ, ఎఫ్1 యాజమాన్యం, ఎకిల్‌స్టోన్‌పై సుమారు 6.4 కోట్ల పౌండ్ల పరిహారం కోరుతూ కేసు వేశాడు. 2025 నవంబర్ 20న కోర్టు కీలక ఆదేశాలిచ్చింది. కుట్ర ఆరోపణపై విచారణకు ఓకే చెప్పింది. టైటిల్ తనకే దక్కాల్సిందని ప్రకటించాలన్న అభ్యర్థనను మాత్రం తోసిపుచ్చింది. అంటే కేసు గెలిచినా డబ్బు రావచ్చేమో గానీ, ట్రోఫీ రాదు.

అప్పటి వాళ్లు ఇప్పుడు?

బ్రియాటోరె నిషేధాన్ని పారిస్ కోర్టు 2010 జనవరిలోనే రద్దు చేసింది. తర్వాత ఎఫ్‌ఐఏతో రాజీ కుదిరింది. 2024లో అతను అదే టీమ్‌కు, ఇప్పుడు ఆల్పీన్ పేరుతో ఉన్న టీమ్‌కు, సలహాదారుగా తిరిగొచ్చాడు. 2025 మే నుంచి బాస్ బాధ్యతలూ చూశాడు. సైమండ్స్ ఏకంగా ఎఫ్1 సంస్థకే చీఫ్ టెక్నికల్ ఆఫీసర్‌గా పనిచేశాడు. పికే జూనియర్‌కు ఎఫ్1 తలుపులు మూసుకుపోయినా, ఫార్ములా ఈ తొలి సీజన్ టైటిల్ గెలిచాడు. పాత ఫ్యాన్స్‌కు మింగుడుపడనిది ఇదే. ప్లాన్ వేసినట్టు తేలినవాళ్లు మళ్లీ కుర్చీల్లో కూర్చున్నారు, మాసా మాత్రం ఒక్క టైటిల్ కూడా లేకుండానే రిటైర్ అయ్యాడు.

ఫ్యాన్స్ కోల్పోయింది ఏంటి?

క్రికెట్ ఫ్యాన్స్‌కు ఇది తెలియని బాధ కాదు. 2010లో లార్డ్స్ టెస్టులో పాకిస్థాన్ బౌలర్లు కావాలనే నో బాల్స్ వేశారని తేలాక, ఏ భారీ నో బాల్ చూసినా అనుమానమే వచ్చింది. ఎఫ్1లోనూ అంతే. కారు గోడకు తగలగానే డ్రైవర్‌కు ఏమైందో అని గుండె ఆగిపోవాలి. క్రాష్‌గేట్ తర్వాత దాని వెంటే ఇంకో ప్రశ్న కూడా వస్తోంది, ఇది నిజమేనా అని. మాసాకు పరిహారం వచ్చినా రాకపోయినా, ఆ అనుమానం ఏ కోర్టు తీర్పుతోనూ పోయేది కాదు.