రోకలి ఆగిపోయాక

శుక్రవారం రాత్రి పదకొండు దాటాక భీమడోలు సెంటర్లో నిలబడితే చిన్నతిరుపతి (ద్వారకా తిరుమల) రోడ్డెక్కేవాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. చెప్పులు చేతిసంచిలో, పంచె మోకాళ్ల పైకి, నోట గోవిందనామం. ఏలూరు నుంచి బయల్దేరినవాళ్లకి అది నలభై కిలోమీటర్ల నడక. తాడేపల్లిగూడెం వాళ్లకి ఇంకాస్త ఎక్కువ. నేను ఒళ్లు దాచుకుని భీమడోలు నుంచే నడిచాను, పదిహేను కిలోమీటర్లు. దారిలో ఒక పందిరి కింద స్టీలు గ్లాసులో మజ్జిగ, ఆకు ముక్కలో పులిహోర పెట్టారు. పక్కన కూర్చున్న పెద్దాయన పులిహోర ఒడిలో పెట్టుకుని, చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి, ఒకటి చిదిపి నోట్లో వేసుకున్నాడు. ఆ అట్ట నాకు బాగా తెలుసు. అదే మాత్ర నా జేబులోనూ ఉంది. కాబట్టి ఈ వ్యాసంలో నన్ను మరీ తటస్థుడిగా లెక్కవేయకండి.

తెల్లారేసరికి కొండెక్కి దర్శనం చేసుకుని, లడ్డూ కట్టించుకుని బస్సెక్కేశాం. మళ్లీ ఏడాది దాకా ఆ నడక లేదు. ఏటా ఇంతమంది ఇంతదూరం ఇష్టంగా నడిచే సీమలో ఇంత షుగరు, ఇంత బీపీ ఎలా వచ్చాయన్నది ఆ బస్సులో పట్టుకున్న ప్రశ్న. దాని కొస పట్టుకుని వెనక్కి పోతే నూట డెబ్బై ఏళ్ల కింద ధవళేశ్వరంలో తేలాను.

1847లో అక్కడ గోదావరి మీద మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీటితో ఈ ప్రాంతం రెండుగా విడిపోయింది. ఏలూరు కాలువ కింద, తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి అంచు దాకా వరి. కాలువ ఎక్కలేని ద్వారకా తిరుమల వైపు మెట్ట. మెట్టలో జొన్నన్నం, గంటె (సజ్జ) సంకటి, చోడి (రాగి) అంబలి. వరన్నం పండక్కో, పెళ్లికో. డెల్టా వాళ్లు మెట్ట సంబంధం చేసుకోవాలంటే పిల్ల అక్కడ జొన్నన్నం తినాలే అని జాలిపడేవారు. ఇప్పుడు డాక్టరు రాసిచ్చే ఆహారపు చీటీ చదివితే ఆ జాలి ఎవరిమీద పడాలో తెలియదు.

అయితే అన్నం చేసిన మొదటి హాని షుగరు కాదు, బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు నీరుపట్టి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు. ఉత్తర సర్కారుల్లో అది ఎంత ప్రబలిందంటే మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ 1835లోనే దానిమీద ఒక గ్రంథం రాశాడు. ఆనకట్టకీ, మిల్లులకీ ముందే అన్నమాట. తమిళ దేశంలో వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి దంచేవారు. ఆ ఉడుకులో పై పొరలోని బీ-1 విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. మనకి ఉప్పుడు బియ్యం నచ్చదు, పచ్చి బియ్యమే కావాలి. వాటిని నాలుగు నీళ్లు కడిగి, ఎసట్లో పోసి, ఉడికాక గంజి వార్చేస్తాం. ఉన్న కాస్త విటమిన్ గంజితో గేదె తొట్లోకి పోయేది. 1918లో వైద్యుడు మెక్‌కారిసన్ కూనూరులో పెట్టిన చిన్న పరిశోధన విభాగం పేరే బెరిబెరి ఎంక్వయిరీ. అదే పెరిగి, 1958లో హైదరాబాదుకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశానికి ఏం తినాలో చెప్పే సంస్థ పుట్టింది మనలాంటివాళ్ల కంచం చూసి.

అయినా ఊళ్లలో చాలామందిని కాపాడింది రోకలి. నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారింట్లో మిల్లు బియ్యం ఉండగా కూడా పాతకాలపు ముచ్చటకి ఒక బస్తా వడ్లు దంపించేవారు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరి పోటు లేస్తుంటే ఇంకొకరి పోటు పడేలా, రోలు అంచుకి తగలకుండా దంచేవారు. చేత్తో చెరిగితే ఊక పోయేది, గింజ మీద ఎర్రని తవుడు పొర మిగిలేది. ఒక కుంచం దంచేసరికి రవికెలు తడిసిపోయేవి. ఆ పని వాళ్లకి సుఖమని నేననను. అది చాకిరీ, అందులోనూ తక్కువ కూలి చాకిరీ. కానీ లెక్క చూడండి: పీచు, విటమిన్ కంచంలోకి వచ్చాయి, ఖర్చు కావాల్సిన శక్తి ఒంట్లోంచి ఖర్చయింది. మిల్లు వచ్చి రెండింటినీ ఒక్క దెబ్బకి తీసేసింది. ఆడవాళ్లకి విముక్తి, గింజకి నునుపు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మిల్లులు లేచాక ఎర్ర బియ్యం తినడం బీదరికానికి గుర్తయింది. ఎంత తెలుపైతే అంత పరువు.

ఇక్కడో పక్కమాట. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈమధ్య కోటా బియ్యంలో కలిపిన గింజల్లో ఇనుము, బీ-12తో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. దేశమంతా 2024 మార్చికల్లా ఈ కలిపిన బియ్యమే రేషనుకి వచ్చాయి. ఊళ్లో తవుడు తీసి గేదెకి పెడతాం, ఊరివాడు సముద్రాలు దాటి తయారుచేయించిన మందుని మళ్లీ గింజలో కలుపుకున్నాం.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1967లో ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 వరి వేసి దిగుబడి చూపించారు. మారుటేరు పరిశోధన స్థానం 1982లో స్వర్ణ రకం ఇచ్చింది. మరుసటేడే కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఈ మూడింటినీ తక్కువ చేసి మాట్లాడేవాడు ఆకలి ఎరగనివాడు. మెట్టలో జొన్న తినే ఇంటికి కూడా వరన్నం రోజువారీ తిండి అయిందంటే ఒక తరం కల నిజమైనట్టే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. పప్పు తక్కువ, ఆవకాయ ఎక్కువ. ఇంతలో ట్రాక్టరు వచ్చింది, కోత మిషను వచ్చింది, ఇంటింటికీ బండి వచ్చింది. కొల్లేరులో చెరువుగట్లు లేచి, ఒకప్పుడు దోనెలో తిరిగి వల వేసిన మనిషి ఇప్పుడు గట్టుమీద మేత బస్తాలు లెక్కపెడుతున్నాడు. ఆ చేప ఐసులో పడి కలకత్తాకీ, అస్సాంకీ పోతుంది.

ఈ మార్పుకి బిల్లు వచ్చినప్పుడు లెక్కగట్టిందీ ఇక్కడే. 2001లో మొదలైన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు నడిపేది. దానితో సిడ్నీకి చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ కేర్ ఫౌండేషన్ తదితరులు చేయి కలిపారు. తూర్పు, పశ్చిమ గోదావరిలోని 45 ఊళ్లు, 1,80,162 మంది జనాభా. 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో అక్కడ 1,354 మంది చనిపోయారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి, కుటుంబాన్ని కూర్చోబెట్టి, చివరి రోజుల్లో ఏమైందో అడిగి రాసుకున్నారు. ఊపిరాడలేదా, చెయ్యి పడిపోయిందా, జ్వరమా. ఆ కాగితాలన్నీ పేర్చి చూస్తే నూటికి 32 చావులు గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ రోగాల వల్లే. అంటువ్యాధులు 12 శాతంతో మూడో స్థానానికి దిగాయి. పల్లెటూరి చావంటే కలరా, క్షయ అనుకునే దేశానికి ఈ లెక్క 2006లో అచ్చయింది. అదే ఏడాది 20 ఊళ్లలో ముప్పై దాటిన 4,535 మందిని చూసిన లెక్కా వచ్చింది: 13.2 శాతానికి షుగరు. వాళ్లలో సగానికి పైగా జనానికి ఆ సంగతే తెలియదు.

మరి ఏం చేశారు? నిజాయితీగా ప్రయత్నించారు. 44 ఊళ్లలో నడిచిన ప్రయోగంలో సగం ఊళ్లకి ప్రచార కార్యక్రమం ఇచ్చారు: పోస్టర్లు, వీధినాటకాలు, ర్యాలీలు, సభలు. పొగాకు మానండి, ఉప్పూ నూనె తగ్గించండి, నడవండి. ఫలితం 2012లో వచ్చింది. ప్రచారం జరిగిన ఊళ్లకీ జరగని ఊళ్లకీ జనం తెలివిడిలో తేడా ఏమీ కనబడలేదు. అలవాటు సంగతి దేవుడెరుగు, తెలివిడిలోనే. మరో పద్ధతిలో ఊరి కార్యకర్తకి ఒక పట్టిక ఇచ్చి ముప్పు ఉన్నవాళ్లని గుర్తించమంటే అది పనిచేసింది: 51.4 శాతం బదులు 63.3 శాతాన్ని పట్టుకోగలిగారు. పట్టుకున్నాక వైద్యం మాత్రం మారలేదు. 2009 జనవరిలో సత్యం కంపెనీ కూలింది, దాని యజమానుల కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ కూడా ఆ దెబ్బకి కుదించుకుపోయింది. ఆ తర్వాత పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో 54 ఊళ్లలో ఆశ కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి ఇంకో ప్రయోగం చేశారు. 2019లో ఆ ఫలితం చూస్తే బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ట్యాబ్లెట్ జబ్బుని చూపించగలదు, డాక్టరునీ మాత్రనీ ఊరికి తేలేదు.

ఓడిన ప్రయోగాన్ని దాచకుండా అచ్చువేసిన ఈ మనుషులంటే నాకు గౌరవం. గెలిచిన ప్రకటనలు మనకి రోజూ కనిపిస్తూనే ఉంటాయి.

గెలిచిన చోట ఏం జరిగిందో చూద్దాం. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడెక్కి చెరుకు తోటల్లో కూలికి మారిషస్ పోయిన తెలుగువాళ్లని అక్కడ కోరంగివాళ్లనే పిలిచేవారు. ఆ దీవిలో ప్రభుత్వం 1987లో ఒక పని చేసింది. జనం వంటకి వాడే నూనె ఎక్కువగా పామాయిలు కాబట్టి, దాన్ని సోయా నూనెగా మార్చేసింది. జనానికి ఉపన్యాసాలూ ఇచ్చారు, కానీ నూనె డబ్బాలోని సరుకు మారిపోయాక ఉపన్యాసం వినకపోయినా సరిపోయింది. 1992కల్లా సగటు కొలెస్ట్రాల్ 5.5 నుంచి 4.7 మిల్లీమోల్స్‌కి దిగింది. షుగరు మాత్రం దిగలేదు, ఎందుకంటే షుగరుకి కావాల్సింది ఇంకేవో మార్పులు. ఫిన్లండ్‌లో 1972లో మొదలైన ఉత్తర కరేలియా పథకం కూడా పాలకేంద్రాలనీ, మాంసం తయారీదార్లనీ కూర్చోబెట్టి సరుకు మార్పించింది. మన దగ్గర? రేషను షాపులో ఏళ్ల తరబడి పామాయిలు ప్యాకెట్లు ఇచ్చాం. ద్వారకా తిరుమల చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా ఆయిల్‌పామ్ తోటలే. పెదవేగిలో దేశపు ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థే ఉంది. రైతుకి అది అన్నం పెడుతోంది, నేను వద్దనలేను. వంటింటి సంగతి వేరే లెక్క.

ఈ ఖాళీలోకి ఉపదేశకులు వచ్చారు. ఉప్పూ నూనె లేకుండా వండమన్న మంతెన సత్యనారాయణరాజుగారు, అన్నం మానేసి కొబ్బరినూనె తాగమన్న వీరమాచనేని రామకృష్ణగారు, సిరిధాన్యాలు తినమన్న ఖాదర్ వలీగారు. ముగ్గురి మాటలూ ఒకదానికొకటి పొసగవు. అయినా ఒక్కొక్కరి సభకీ హాళ్లు నిండాయి. పోస్టరుకి కదలని జనం వీళ్లకెందుకు కదిలారంటే, వీళ్లు కంచం చూపించి మాట్లాడారు. మా ఇంట్లో ఈ మూడూ నడిచాయి. మూడూ మూడేసి నెలలు నిలిచి, సంక్రాంతి అరిసెల దగ్గర ఆగిపోయాయి.

ఉప్పు సంగతి చెప్పినవాళ్లున్నా జనం సరిగ్గా పట్టించుకోలేదు. మనిషికి రోజుకి ఐదు గ్రాములు చాలంటారు. ఆంధ్రప్రదేశ్‌లో కొలిస్తే సగటు 9.46 గ్రాములు తేలింది. అదంతా ప్యాకెట్ల పాపం కాదు, ఎక్కువ భాగం మన చేత్తో మనం వేసుకున్నదే.

2025 జూన్ 21న విశాఖ సాగరతీరాన యోగాంధ్ర జరిగింది, లక్షల మంది ఆసనాలు వేశారు. బాగుంది. చిన్నతిరుపతి నడకలాగే అదీ ఒక పండుగ. పండగల మధ్య రోజుల్లో ఏముందని అడిగితే నాకు కనిపించేది ఒకటే: 2023 మార్చి నుంచి బడి పిల్లలకి ఇస్తున్న రాగి జావ. పోస్టరు లేదు, ఉపన్యాసం లేదు, గ్లాసులో పోసి ఇస్తే పిల్లలు తాగుతున్నారు. తాతలు సిగ్గుపడి వదిలేసిన చోడి అంబలిని మనవలు బడిలో తాగుతున్నారు.

కాబట్టి అధికారులకి నాదొక మనవి. వచ్చే పథకంలో గోడమీద రాతలకి పెట్టే డబ్బుతో మెట్ట మండలాల కోటా డిపోల్లో బియ్యం పక్కన చోళ్లు, జొన్నలు, కందిపప్పు పెట్టండి. నచ్చింది తీసుకునే వీలివ్వండి. ఊరి క్లినిక్కులో బీపీ మాత్రలు నెలాఖరుకి అయిపోకుండా చూడండి. ఆ తర్వాత కూడా డబ్బు మిగిలితే పోస్టర్లు వేయించుకోండి.